ఎడమ ఫ్లాప్ ఎవరు సరిచేశారు

ఎడమ రెక్క ఒక్కసారిగా కిందికి వాలిపోయింది.

నేల ఐదువందల అడుగుల దిగువన ఉంది. ఎదురుగా జంషెడ్‌పూర్ సోనారి రన్‌వే బూడిదరంగు గీతలా కనిపిస్తోంది. ఎడమ సీట్లో ఉన్న సౌరభ్ పక్క కిటికీలో మాత్రం ఆకాశం లేదు. కిటికీ నిండా సువర్ణరేఖ నది నీళ్లే.

"మేడమ్, మైనే కుఛ్ నహీ కియా," అన్నాడు సౌరభ్, తానేమీ చెయ్యలేదని ముందే చెప్పుకుంటున్నట్టు.

"చేతులు తియ్యండి. విమానం నాకివ్వండి," అంది కుడి సీట్లోంచి అతనికి శిక్షణ ఇస్తున్న తనూజ.

ఆమె తన ముందున్న స్టీరింగ్ చక్రాన్ని కుడివైపు చివరిదాకా తిప్పింది. కుడి పెడల్ పూర్తిగా తొక్కింది. విమానం వాలడం ఆగింది కానీ సమంగా నిలవలేదు. ఎవరో ఎడమ రెక్క చివర పట్టుకుని వేలాడుతున్నట్టు బరువుగా లాగుతోంది.

పన్నెండేళ్లుగా ఈ విమానం నడుపుతోంది తనూజ. తనకంటే ముప్పయ్యెనిమిదేళ్లు పెద్దది ఈ పాత యంత్రం. విమాన శిక్షణ క్లబ్బులో అందరూ దీన్ని చిన్నమ్మి అని పిలుస్తారు. చిన్నమ్మి ఎప్పుడు దగ్గుతుందో, ఎప్పుడు అలుగుతుందో ఆమెకి తెలుసు. ఇది అలక కాదు. ఏదో తెగింది.

చివరగా ఏం చేశామో అది వెనక్కి తీసుకో. శిక్షణ మొదటి వారంలోనే గురువు నేర్పిన పాఠం అది. చివరగా చేసిందేమిటి? సౌరభ్ రెండు సీట్ల మధ్య ఉన్న ఇనప లీవర్ని రెండో గాటుకి లాగాడు. ఆ లీవర్ లాగితే రెండు రెక్కల వెనక అంచుల్లో ఉన్న ఫ్లాప్‌లు, అంటే వెడల్పాటి పలకలు, తలుపుల్లా కిందికి తెరుచుకుంటాయి. విమానం నెమ్మదిగా దిగడానికి అవి సాయం చేస్తాయి, రెండూ కలిసి దిగితేనే. తనూజ తల తిప్పి చూసింది. కుడి ఫ్లాప్ దిగి ఉంది. ఎడమది దిగలేదు. రెక్కకి అంటుకుని సన్నగా వణుకుతోంది.

ఆమె లీవర్ మీద బొటనవేలితో బొత్తాం నొక్కింది. గాలి ఒత్తిడికి అది చేతిలోంచి ఎగిరిపోకుండా గట్టిగా పట్టుకుని, ఒకే ఊపులో నేలకి ఆనించింది. కుడి ఫ్లాప్ మూసుకుంది. విమానం సమంగా అయింది, వెంటనే కాళ్ల కింద నేల జారినట్టు నలభై అడుగులు దిగింది. ఆమె ఇంజను బలం పెంచింది.

"ఫ్లాప్ ఫిర్ సే ట్రై కరే?" మళ్లీ వేసి చూద్దామన్నట్టు సౌరభ్ చెయ్యి లీవర్ వైపు వచ్చింది.

"ముట్టుకుంటే వేళ్లు విరుస్తాను. బాగుందో లేదో చూద్దామని కూడా ముట్టుకోకూడదు. ఒకసారి బతికాం. రెండోసారి ఇంకెంత వాలుతుందో ఎవరికి తెలుసు?"

"తో లాండింగ్?"

"ఫ్లాపుల్లేకుండానే. కొంచెం వేగంగా దిగుతాం, కొంచెం దూరం పరిగెడతాం. రన్‌వే ఉన్నదెందుకు?"

మామూలుగా గంటకి డెబ్బై మైళ్ల దగ్గర దిగుతుంది చిన్నమ్మి. తనూజ ఎనభై దగ్గర ముల్లు నిలబెట్టింది. అంతకంటే తగ్గితే రెక్క పట్టు తప్పుతుంది. బాగా పెరిగితే వదులైన ఆ పలక గాలికి కొట్టుకుని విరగొచ్చు. ఎనభై. అటూ ఇటూ కాదు. రన్‌వే మొదలు కిందనుంచి సర్రున వెనక్కి పోయింది. చక్రాలు ఒకసారి కీచుమన్నాయి, ఇంకోసారి, తరవాత నేలని పట్టుకున్నాయి. చివర గీతకి వంద గజాల ముందు విమానం ఆగింది.

సౌరభ్‌ది టెల్కో కాలనీ. కర్మాగారంలో నాణ్యత విభాగం ఇంజనీరు. నలభై ఏళ్లొచ్చాక విమానం నేర్చుకోవాలని పట్టుపట్టి, శెలవు దొరికిన ప్రతి గురువారం వస్తాడు. దిగగానే ఎడమ ఫ్లాప్ వైపు చెయ్యి చాచాడు.

"వద్దు. అది ఎలా ఉందో అలాగే ఉండాలి," అంది తనూజ.

"మా ఆవిడకి మాత్రం చెప్పకండి," అన్నాడతను. భయం తగ్గేసరికి తెలుగు వచ్చింది.

విమానాలుంచే షెడ్డు, హాంగరు, ముందుకి చేరేసరికి క్లబ్ సెక్రటరీ సత్యప్రసాద్ ఎదురొచ్చాడు. ఇద్దరు గార్డుల్ని తెచ్చి, తోక దగ్గర పైకీ కిందికీ కదిలే ఎలివేటర్ పలక మీద చేతులు పెట్టించి విమానాన్ని లోపలికి తోయించబోయాడు.

"పలకలు పట్టుకుని తొయ్యకూడదు. అవి వంగితే ఆకాశంలో తెలుస్తుంది, నేల మీద కాదు," అంటూ తనూజ వాళ్ల చేతులు తీసి రెక్క ఊత కడ్డీల మీద పెట్టింది.

క్లబ్బుకి ఒక్కడే మెకానిక్కు, ముసలయ్య. బిర్సానగర్‌లో ఉంటాడు. పేరు ముసలయ్యే కానీ వయసు యాభై తొమ్మిది, రిటైరవ్వడానికి ఎనిమిది నెలలుంది. అతను నిచ్చెన తెచ్చి, ఎడమ రెక్క మొదట్లో ఉన్న గుండ్రటి మూత విప్పాడు. టార్చి వేశాడు. చూసి, టార్చిని తనూజ చేతికిచ్చి దిగాడు.

తనూజ నిచ్చెన ఎక్కి చూసింది. లోపల ఫ్లాప్ కేబుల్ రెండు ముక్కలుగా వేలాడుతోంది. ఆ రెంటినీ కలిపే ఇత్తడి మర పూర్తిగా ఊడిపోయింది. దాన్ని తిప్పితే కేబుల్ బిగుస్తుంది. ఇంజను అదురుకి అది తనంతట తాను తిరగకుండా, బిగించిన తరవాత సన్నటి స్టీలు తీగ చుట్టి పటకారుతో మెలిపెట్టాలి. లాక్ వైర్ అంటారు. ఇక్కడ తీగ లేదు. తీగ ఉండాల్సినచోట, నూనె తాగి నల్లబడిన ఎర్ర పూజ దారం వదులుగా వేలాడుతోంది.

"చూశారా," అన్నాడు సత్యప్రసాద్ కిందనుంచి. "పూజ చేసిందెవరు? ముసలయ్య. మూతలు విప్పేదెవరు? ముసలయ్య. తీగ బదులు దారం కట్టి పంపించాడు."

"బాబాయ్, చెప్పు. ఇది నువ్వు కట్టినదేనా?" అంది తనూజ.

"నాను కట్టలేదమ్మీ," అన్నాడు ముసలయ్య. "కానీ సూసేను. ఇరవయ్యో తారీకున తనికీకి మూతిప్పినప్పుడు దారం ఉంది. పూజకి ఎవులో కట్టేరనుకున్నాను. లీవర్లకి నానే కట్టేను, టైర్లకి కట్టేను, దీనికి ఇంకెవులో కట్టేరనుకున్నాను. దండమెట్టి మూతేసీసేను. దాని కింద తీగుందో లేదో సూణ్ణేదు."

జంషెడ్‌పూర్‌లో సెప్టెంబరు పదిహేడున, విశ్వకర్మ పూజ నాడు యంత్రానికి కట్టిన దారాన్ని ఎవరూ విప్పరు. అది పాతబడి తనంతట తాను ఊడిపోవాలి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మెకానిక్కు కూడా దాన్ని జరిపి చూడడు. ఊళ్లో ఏ షెడ్డులోనైనా అంతే.

"విమానయాన శాఖ అధికారి రాంచీ నుంచి బయలుదేరాడు. మూడింటికి ఇక్కడుంటాడు," అన్నాడు సత్యప్రసాద్. "ఈలోగా ముసలయ్య తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసి సంతకం పెడితే క్లబ్ నిలుస్తుంది. లేకపోతే గేటుకి తాళమే."

సంతకం పెడితే ముసలయ్య లైసెన్సు ఆ సాయంత్రమే పోతుంది. ముప్పై ఏళ్లు పడకుండా ఎగిరిన విమానాలన్నీ మర్చిపోయి, పడబోయిన ఒక్కదాన్నే అందరూ గుర్తుపెట్టుకుంటారు.

అప్పుడే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ కెప్టెన్ సీతారామరావు వచ్చాడు. అరవై ఎనిమిదేళ్లు, నిటారైన మనిషి. పందొమ్మిదేళ్ల వయసులో కాసిడీహ్ నుంచి సైకిలు మీద ఆఫీసు పనికి వచ్చిన తనూజని, కుర్చీలోంచి లేపి విమానంలో కూర్చోబెట్టింది ఆయనే. ఆమె భుజం తట్టాడు.

"బాగా దింపావమ్మా. నేనైనా అంతకంటే బాగా దింపలేను," అన్నాడు. తరవాత సత్యప్రసాద్ వైపు తిరిగి, "ముసలయ్యని నలుగురిలో నిలబెట్టకండి. పాపం, పెద్దవాడు. కాగితం రాయించి, మర్యాదగా ఇంటికి పంపేద్దాం," అన్నాడు.

"మీరెలా చెప్తే అలాగే సార్," అంటూ ముసలయ్య జేబులోంచి పెన్ను తీశాడు.

తనూజ ఆ పెన్ను లాక్కుంది. "ఏటి రాసేత్తావు బాబాయ్? జరిగిందేటో తెలీకుండా ఏటని రాత్తావు? మూడింటిదాకా ఆగు."

ఆమె నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్లి లోపాల రిజిస్టరు తెరిచింది. విమానంలో ఏ లోపం కనిపించినా అందులో రాయాలి, సరిచేసినవాళ్లు కింద సంతకం పెట్టాలి. పదహారో తారీకు సాయంత్రం రాత ఆమెదే: ఎడమ ఫ్లాప్ కుడిదాని కంటే ఒక వేలెడు కిందికి ఉంది. దాని కింద సంతకం లేదు. ఓకే అని రెండక్షరాలు మాత్రం ఉన్నాయి.

"ఈ ఓకే నువ్వు రాశావా బాబాయ్?" అని వెనకే వచ్చిన ముసలయ్యని అడిగింది.

"నువ్వే రాసేవనుకున్నాను. పద్దెనిమిదో తారీకు నానొచ్చేసరికి ఫ్లాపులు సమానంగా ఉన్నాయి."

"నువ్వు రాశావని నేననుకున్నాను."

ఒకరు సరిచేశారని ఇంకొకరు నమ్మి ఇద్దరూ ముందుకెళ్లిపోయారు. మూడో మనిషి ఆ సందులోంచి నడిచి వెళ్లాడు. ఎవరు?

ముందు సత్యప్రసాద్ మీదికే పోయింది ఆమె ఆలోచన. చిన్నమ్మిని అమ్మేసి కొత్త విమానం తెద్దామని రెండేళ్లుగా పోరుతున్నాడు. విమానానికి ఏదైనా అయితే ఆయనకి సుఖం. కానీ సత్యప్రసాద్‌కి స్కూటర్ చక్రం విప్పడం కూడా రాదు. ఆ మర బిగించి రెండు ఫ్లాపుల్నీ సమానంగా తెచ్చినవాడు పని తెలిసినవాడు. పాడుచెయ్యాలనుకున్నవాడు ఫ్లాపుల్ని సరిచెయ్యడు. ఇది కుట్ర కాదు. తొందరలో సగం చేసి వదిలేసిన పని.

పని తెలిసినవాడికి తీగ కట్టాలని తెలియదా? తెలుసు. మరి ఎందుకు కట్టలేదు?

తనూజ ఆఫీసు గుమస్తా సుధారాణిని పిలిచింది. పూజ సామాను కొన్నదీ, అందరి చేతులకీ దారాలు కట్టిందీ ఆమే.

"పూజ రోజు పనిముట్లు ఎక్కడున్నాయి సుధా అక్కా?"

"దేముడి ముందు. ఇంకెక్కడుంటాయి? స్పానర్లు, పటకార్లు, తీగ చుట్టలు అన్నీ బల్ల మీద పరిచి బొట్లు పెట్టేం. పద్దెనిమిది పొద్దున్న పదింటికి నిమజ్జనం అయ్యేదాకా ఎవులూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే నాను ఊరుకుంతానా?"

తనూజ గోడకి ఆనుకుని నిలబడింది. అదీ సంగతి. మూతని నాణెంతో విప్పొచ్చు, మరని చేత్తో తిప్పొచ్చు, దాని బెజ్జంలో మేకు దూర్చి బిగించొచ్చు. తీగ మెలిపెట్టాలంటే మాత్రం పటకారు కావాలి. ఆ పటకారూ తీగా రెండూ విశ్వకర్మ పాదాల దగ్గర కుంకుమ బొట్లతో ఉన్నాయి. ఎవరో దేవుడి మీద చెయ్యి వెయ్యలేక, చేతికందిన దారంతో తాత్కాలికంగా కట్టేశారు. రేపు తీగ వెయ్యొచ్చనుకున్నారు. ఆ రేపు రాలేదు.

"ఆ దారం ఇటివ్వండి," అని తనూజ హాంగరులోకి తిరిగి రాగానే సౌరభ్ అడిగాడు. తనూజ నిచ్చెనెక్కి దాన్ని గుడ్డతో తీసి కాగితం మీద పెట్టింది. అతను కళ్లజోడు పైకి జరిపి, ఫ్యాక్టరీలో పగిలిన బోల్టుని పరీక్షించినట్టు చూశాడు.

"యే దేఖియే. ఒక చివర తెగింది అరిగి. ఈ రెండో చివర బ్లేడుతో కోసింది. ఔర్ బీచ్ మే, మధ్యలో, ముడి ఉంది. మరకి కట్టడానికి వేసిన ముడి వేరే. ఇది అంతకు ముందుదే. అంటే ఈ దారం ముందు ఎక్కడో కట్టి ఉంది. దాన్ని కోసి తెచ్చి ఇక్కడ కట్టారు."

వెంట వచ్చిన సుధారాణి వంగి చూసింది. ముఖం మారిపోయింది.

"ఈ ముడి నాదే," అంది మెల్లగా. "మూడు చుట్లు చుట్టి జంట ముడి ఏత్తాను. మా అమ్మ దగ్గర నేర్సుకున్నాను. లీవర్లకీ టైర్లకీ ముసలయ్య బాబు కట్టేడు, ఒంటి ముడి. నాను మనుషులకే కట్టేను."

మూడింటికి అధికారి బలరామ్ వచ్చాడు. బరంపురం మనిషి, తెలుగులో ఒడియా యాస వినిపిస్తుంది. విమానం చుట్టూ ఒకసారి నడిచి, నిచ్చెనెక్కి లోపలికి చూసి, ఆఫీసు గదిలో పొడుగు బల్ల చివర కూర్చున్నాడు. సత్యప్రసాద్ ఖాళీ కాగితం బల్ల మీద పెట్టాడు. ముసలయ్య దాని ముందు కూర్చున్నాడు.

"ఒప్పుకోలు రాస్తున్నారని ఫోన్లో చెప్పారు," అన్నాడు బలరామ్.

"రాయటం లేదండి," అంది తనూజ. "ముసలయ్య బాబాయ్ చెయ్యని పని ఆయన రాయలేరు. దారం కింద చూడకపోవడం ఆయన తప్పు. అది చెప్తారు. రిజిస్టర్లో సంతకం లేని ఓకేని నమ్మడం నా తప్పు. అది నేను రాసిస్తాను. తీగ లేకుండా మర బిగించి, ఎవరికీ చెప్పకుండా మూత వేసింది మాత్రం వేరేవాళ్లు."

"ఎవరు?"

"ముందు ఒక్క ప్రశ్న." ఆమె కెప్టెన్ వైపు తిరిగింది. "సర్, పద్దెనిమిదో తారీకు పొద్దున్న ఆరున్నరకి క్లబ్బుకొచ్చిన అతిథుల్ని ఎక్కించుకుని మీరు ఎగిరారు. అప్పుడు ఫ్లాపులు ఎలా ఉన్నాయి?"

"సమానంగా ఉన్నాయి," అన్నాడు కెప్టెన్. "లేకపోతే ఎందుకు ఎగురుతాను?"

"అంటే ఆరున్నరకి ముందే ఎవరో సరిచేశారు. ముసలయ్య బాబాయ్ పూజ మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, మర్నాడు నిమజ్జనానికి సరిగ్గా పదింటికి వచ్చారు. సుధా అక్క చూసింది. పూజ నాడు ఆయన పనిముట్టు ముట్టరు, ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ముట్టలేదు."

"నాకు తెలిసీ ముట్టడు," అని సత్యప్రసాద్ ఒప్పుకున్నాడు. అతని ముఖంలో పొద్దుటి దురుసు లేదు. "ఒకసారి పూజ రోజు నా కారు ఆగిపోతే, రేపు రా బాబూ అన్నాడు."

తనూజ దారం ఉన్న కాగితాన్ని బలరామ్ ముందుకి జరిపింది. "ఇది మనిషి మణికట్టు నుంచి కోసిన దారం. సుధా అక్క ముడి అందులోనే ఉంది. పూజ రోజు ఆవిడ ఈ గదిలో ఉన్న క్లబ్బువాళ్లందరికీ కట్టింది, మగవాళ్లకి కుడి చేతికి, ఆడవాళ్లకి ఎడమ చేతికి. ఎనిమిది రోజులే అయింది. ఎవరూ విప్పరు. అందరం చేతులు బల్ల మీద పెడదాం."

ఆమె ముందు తన ఎడమ చెయ్యి పెట్టింది. ఎర్ర దారం, జంట ముడి. సుధారాణి పెట్టింది. సౌరభ్ చొక్కా చేతిని పైకి మడిచాడు. సత్యప్రసాద్ కుడి చేతికి పెట్టుకునే గడియారం తీసి పక్కన పెట్టాడు, దాని కింద కూడా దారం ఉంది, కాస్త రంగు వెలిసింది. ముసలయ్య నూనె మరకల చెయ్యి అందరికంటే ఆలస్యంగా బల్ల మీదికి వచ్చింది. దారం ఉంది. అది చూసి ఆయనే ఆశ్చర్యపోయినట్టు దానివైపే చూస్తూ ఉండిపోయాడు.

బల్ల మీద ఐదు చేతులున్నాయి. గదిలో క్లబ్బువాళ్లు ఆరుగురు.

కెప్టెన్ తెల్ల చొక్కా పొడుగు చేతుల బొత్తాలు పెట్టి ఉన్నాయి. ఆయన నిదానంగా, మొత్తం జీవితంలో ఎప్పుడూ తొందరపడనివాడిలా, కుడి చేతి బొత్తాం విప్పాడు. మణికట్టు బోసిగా ఉంది.

"స్నానానికి తీసి ఉండొచ్చు," అన్నాడు సత్యప్రసాద్, ఆయన్ని కాపాడబోతున్నట్టు.

"ఈ విమానం ఫ్లాపులు సరిచెయ్యడం ఇద్దరికే వచ్చు," అంది తనూజ. "ఒకరు ముసలయ్య బాబాయ్. ఆయనకి ఆ పని నేర్పింది ఇంకొకరు. ఆ రోజు పొద్దున్నే వంకర ఫ్లాపుతో అతిథుల్ని ఎక్కించుకోవడం కుదరదు. పూజ పాడుచెయ్యడమూ కుదరదు. ఒక్కరోజుకి సరిపోతుందనుకున్నారు. ఆ తరవాత చెప్తే పరువు పోతుందనుకున్నారు. ఎనిమిది రోజులు. అందులో నేను పదకొండుసార్లు ఎగిరాను సర్. ఈరోజు నా పక్కన ఇద్దరు ఆడపిల్లల తండ్రి కూర్చున్నాడు."

కెప్టెన్ ఆమెవైపు చూశాడు. కళ్లు దించుకోలేదు, అదొక్కటీ ఆయనకి మిగిలింది. "పదింటికి తీగ వేద్దామనే అనుకున్నాను," అన్నాడు. "అతిథుల్ని స్టేషన్‌కి దింపి వచ్చేసరికి ముసలయ్య విమానం దగ్గర ఉన్నాడు. అతని ముందు చెప్పలేకపోయాను. నేను నేర్పినవాడి ముందు."

ముసలయ్య కుర్చీలోంచి లేచాడు. "సార్, ఒక్క మాట సెప్తే నానే ఏసేసేవాణ్ణి కదా. అయిదు నిమిషాల పని."

కెప్టెన్ విప్పిన బొత్తాం మళ్లీ పెట్టుకున్నాడు.

బలరామ్ ముసలయ్య ముందున్న ఖాళీ కాగితాన్ని తీసి మడిచి పక్కన పెట్టాడు. తన ఫైలు తెరిచి కలం మూత తీశాడు. "నేను ఎవరి ముఖమో చూసి రాయకూడదమ్మా," అన్నాడు. "విమానం నడిపింది మీరు. ఫిర్యాదు మీది. పేరు మీ నోటితోనే చెప్పాలి."

పన్నెండేళ్లలో తనూజ ఆయన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి అనలేదు. సర్ అనేది, ఇంట్లో అయితే మా గురువుగారు అనేది. ఆమె ముసలయ్య చేతిలో పెన్ను లేదని ఒకసారి చూసుకుంది. తరవాత బలరామ్ రాసుకోవడానికి వీలుగా, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది.

"కెప్టెన్ సీతారామరావు."